పెళ్ళి రియాలిటీ షోకి సంతకం పెట్టే ముందు

మీ చెల్లెలు ఒక పెళ్ళి రియాలిటీ షో ఆడిషన్‌లో ఎంపికైందన్నారు. ఇంట్లో కొందరు "అంతా స్క్రిప్టే, నటించి వచ్చేస్తుంది, ఏం కాదు" అంటున్నారు. కొందరు "నలుగురిలో నవ్వులపాలవుతాం" అంటున్నారు. ఈ షోలు నిజమా నాటకమా, వీటి మీద ఇంత రచ్చ ఎందుకు, వీటిలో రంగు, జాతి, కులం పట్టింపు ఉంటుందా, ఆమెను వెళ్ళనివ్వచ్చా అన్నవి మీ ప్రశ్నలు. నేను చాలా ఏళ్ళు ఇలాంటి షోలకు ఎడిటర్‌గా, తర్వాత స్టోరీ ప్రొడ్యూసర్‌గా పనిచేశాను. కొంచెం పెద్ద జవాబే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు స్క్రిప్టు సంగతి. పేజీలకు పేజీలు డైలాగులు రాసి కంటెస్టెంట్ల చేతిలో పెట్టడం నేనెక్కడా చూడలేదు. ఆ అవసరమే రాదు. మామూలు మనుషులకు నటన రాదు, వాళ్ళ చేత డైలాగులు చెప్పిస్తే ప్రేక్షకుడు రెండో నిమిషంలోనే ఛానల్ మార్చేస్తాడు. మాటలు వాళ్ళకే వదిలేసి, వాళ్ళ చుట్టూ ఉన్న పరిస్థితిని మాత్రం పూర్తిగా మా చేతిలో ఉంచుకుంటాం. ఫోన్ తీసేసుకుంటాం. ఇంటర్నెట్ ఉండదు, టీవీ ఉండదు, చాలా చోట్ల పుస్తకాలూ ఉండవు. ఇంటికి ఫోన్ చేయాలంటే అనుమతి కావాలి. ఎప్పుడు నిద్ర లేవాలి, ఎప్పుడు తినాలి, ఎవరితో ఎంతసేపు మాట్లాడాలి అన్నది కాల్ షీట్, అంటే ఆ రోజు షూటింగ్ పట్టిక, చెబుతుంది. రాత్రి షూటింగ్ తెల్లవారుజాము దాకా సాగుతుంది. చాలా షోల్లో మందు ధారాళంగా దొరుకుతుంది. ఇలా వారం గడిచాక మనిషికి ఆ ఇల్లే లోకం అయిపోతుంది. బయట ఉంటే రెండో కాఫీకి కూడా పిలవని మనిషి కోసం వెక్కివెక్కి ఏడుస్తారు. ఆ ఏడుపు నూటికి నూరుపాళ్ళూ నిజం. అందుకే మీ ఇంట్లో "నటించి వచ్చేస్తుంది" అనేవాళ్ళ ధీమాను నేను నమ్మను. షో నకిలీ అయినా అందులో పడిన బాధ నకిలీ కాదు.

ఇక్కడ ప్రొడ్యూసర్ పాత్ర గురించి చెప్పాలి. తెర మీద కనిపించే హోస్ట్ సంగతి కాదు నేను చెప్పేది. ప్రతి కంటెస్టెంట్‌కూ ఒక ప్రొడ్యూసర్ ఉంటారు. ఆ ఇంట్లో ఆమెతో ప్రేమగా మాట్లాడే మనిషి, బయటి ప్రపంచంతో ఉన్న ఒకే ఒక్క లంకె, ఆ ప్రొడ్యూసరే. కాస్టింగ్ ఫారంలో మీ చెల్లెలు రాసినవన్నీ ఆ ప్రొడ్యూసర్ చదివే ఉంటారు. పాత ప్రేమ ఎందుకు విడిపోయింది, నాన్నతో గొడవలున్నాయా, దేనికి భయపడుతుంది, దేనికి కోపం వస్తుంది, అన్నీ. "అతను నిన్న రాత్రి ఆ రెండో అమ్మాయితో చాలాసేపు మాట్లాడాడు, నీకు తెలుసా?" అని మెల్లగా అడిగి పక్కకు తప్పుకుంటే చాలు. మిగతాది కెమెరా చూసుకుంటుంది. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అతను మాట్లాడింది నిజమే. కాకపోతే అతన్ని అక్కడ కూర్చోబెట్టిందీ మేమే, ఆ సంగతి ఈమెకు చెప్పిందీ మేమే.

తర్వాత ఇంటర్వ్యూ. ఒంటరిగా కుర్చీలో కూర్చుని కెమెరాతో మనసులో మాట చెప్పే ముక్కలు చూస్తుంటారు కదా, వాటికి ముందు కంటెస్టెంట్లకు ఒక నియమం చెబుతారు: ప్రశ్నను జవాబులో కలిపి, పూర్తి వాక్యంలో చెప్పాలి. "నీకు అసూయగా ఉందా?" అని అడిగితే "లేదు" అంటే కుదరదు, "నాకు అసూయగా లేదు, కానీ..." అని మొదలుపెట్టాలి. దీనివల్ల ప్రశ్న అడిగిన గొంతును కత్తిరించి పారేయొచ్చు. ఎవరూ అడగకుండానే ఆమె అసూయ గురించి మాట్లాడుతున్నట్టు కనిపిస్తుంది. కొన్ని షోల్లో ఇంటర్వ్యూలన్నింటికీ ఒకే రకం బట్టలు వేసుకోమంటారు. పదో రోజు అన్నమాట మూడో రోజు జరిగిన గొడవ పక్కన పెట్టినా తేడా తెలియకూడదని.

ఇక ఎడిటింగ్. ఒక ఎపిసోడ్‌కు వందల గంటల ఫుటేజ్ వస్తుంది, బయటికి వెళ్ళేది నలభై నిమిషాలు, మహా అయితే గంటన్నర. ఏరివేత తప్పదు, దాన్ని తప్పనను. తప్పు ఎక్కడ మొదలవుతుందో చెబుతాను. ఒక అమ్మాయి ఒకరోజు "నాకు అతనంటే ఇష్టం, కానీ ఇంకా నిర్ణయించుకోలేదు" అంటుంది. ఇంకోరోజు వేరే సందర్భంలో "నాకు అంత ఓపిక లేదు" అంటుంది. మొదటి వాక్యంలోంచి "నాకు అతనంటే ఇష్టం" తీసుకుని, రెండోదాని చివర ఉన్న "లేదు" తెచ్చి అతికిస్తే ఆమె ఎన్నడూ అనని మాట ఆమె గొంతులోనే పుడుతుంది. మా వృత్తిలో దీన్ని ఫ్రాంకెన్‌బైట్ అంటారు. పట్టుకోవడం కష్టమేమీ కాదు. మాట్లాడుతున్న మనిషి ముఖం కనిపించకుండా, ఆ మాట వినిపించేటప్పుడు సముద్రమో, గ్లాసు పట్టుకున్న చేయో, ఎదుటి మనిషి ముఖమో చూపిస్తున్నారంటే అక్కడ అతుకు ఉండే అవకాశం ఎక్కువ. రియాక్షన్ షాట్లదీ ఇదే కథ. ఎవరో పెళ్ళి ప్రస్తావన తెచ్చినప్పుడు మూతి ముడిచినట్టు కనిపించే అమ్మాయి, నిజానికి ఎండ కళ్ళలో పడి ముఖం చిట్లించి ఉండొచ్చు. ఒకసారి ఈ కిటుకులు తెలిశాక మామూలు ప్రేక్షకుడిలా ఈ షోలు చూడలేరు, అది వేరే నష్టం.

ప్రతి సీజన్‌కూ ఒక దుష్టపాత్ర కావాలి. దాన్ని షూటింగ్ మధ్యలో కనిపెట్టరు. కాస్టింగ్ రోజునే ఇద్దరు ముగ్గురిని అనుకుని పెట్టుకుంటారు. సూటిగా మాట్లాడే ఆడపిల్లకు ఆ కుర్చీ దాదాపు ఖాయం. మీ చెల్లెలు అలాంటిదే అయితే, ఆమెను ఎందుకు ఎంపిక చేశారో ఒకసారి ఆలోచించుకోమనండి.

ఇప్పుడు గొడవల చరిత్ర కొంచెం. 2000 ఫిబ్రవరిలో అమెరికాలో ఫాక్స్ ఛానల్ 'హూ వాంట్స్ టు మ్యారీ ఎ మల్టీ మిలియనీర్' అని రెండు గంటల కార్యక్రమం వేసింది. యాభై మంది అమ్మాయిలు పోటీపడ్డారు. ముఖం కూడా సరిగ్గా చూడని కోటీశ్వరుడితో గెలిచిన అమ్మాయికి వేదిక మీదే చట్టబద్ధంగా పెళ్ళి జరిగిపోయింది. కోట్లమంది చూశారు. కొద్దిరోజులకే ఒక వెబ్‌సైట్ పాత కోర్టు కాగితాలు బయటపెట్టింది: ఆ పెళ్ళికొడుకు తన దగ్గరికి రాకూడదని, ఒకప్పుడు అతనితో నిశ్చితార్థమై విడిపోయిన మహిళ 1991లో కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకుంది. షోలో గెలిచిన అమ్మాయి పెళ్ళి రద్దు చేయించుకుంది. ఛానల్ పునఃప్రసారం ఆపేసింది. ఇంత ఘోరం జరిగాక ఈ రకం షోలు ఆగిపోతాయని పత్రికలు రాశాయి. రెండేళ్ళు తిరిగేసరికి, 2002లో, అదే షో సృష్టికర్త మైక్ ఫ్లైస్ ఏబీసీలో 'ది బ్యాచిలర్' మొదలుపెట్టాడు. ఈసారి ఒక్క రాత్రిలో పెళ్ళి లేదు. వారాల తరబడి సాగే ఎంపిక, చివర్లో గులాబీ, ఉంగరం. అది ఇరవై ఏళ్ళకు పైగా నడిచింది. వివాదం ఈ వ్యాపారాన్ని ఎప్పుడూ ఆపలేదు, ప్రతిసారీ దానికి కొత్త ప్యాకింగ్ నేర్పింది, అంతే.

మన దగ్గర 2009లో ఎన్డీటీవీ ఇమేజిన్‌లో వచ్చిన 'రాఖీ కా స్వయంవర్' చాలామందికి గుర్తుండే ఉంటుంది. నెలల ప్రచారం చేసి, స్వయంవరం పేరు పెట్టి, చివరి ఎపిసోడ్‌లో జరిగింది నిశ్చితార్థమే. ఆ సంబంధం కొన్ని నెలల్లోనే తెగిపోయింది. పెళ్ళి కోసం కూర్చున్న ప్రేక్షకులు మోసపోయామన్నారు. ఛానల్‌కు కావాల్సిన టీఆర్పీ మాత్రం వచ్చేసింది, మరుసటి ఏడాదే రాహుల్ మహాజన్‌తో ఇంకో సీజన్ తీసింది.

పెళ్ళిళ్ళు నిలబడతాయా అని అడుగుతారు అందరూ. కొన్ని నిలబడ్డాయి. 'ది బ్యాచిలరెట్' మొదటి సీజన్ జంట 2003లో పెళ్ళి చేసుకుంది, ఇప్పటికీ కలిసే ఉంది. 'ది బ్యాచిలర్'లో మాత్రం, తాను చివర్లో ఎంచుకున్న అమ్మాయినే పెళ్ళి చేసుకున్న మొదటి హీరో రావడానికి 2014 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి పదిహేడు సీజన్లు అయ్యాయి. అరవై దాటిన వాళ్ళకోసమంటూ తీసిన 'ది గోల్డెన్ బ్యాచిలర్' జంట 2024 జనవరిలో టీవీలో ప్రత్యక్ష ప్రసారంగా పెళ్ళాడి, ఏప్రిల్‌లో విడాకులు ప్రకటించింది. ఈ లెక్కలు చూసి ఎవరూ నవ్వనక్కర్లేదు. పెళ్ళి నిలబెట్టడం షో పని కాదు. సీజన్ చివరి ఎపిసోడ్ దాకా ప్రేక్షకుణ్ణి నిలబెట్టడం దాని పని.

ఒక చిన్న విషయం, కానీ మీకు నేరుగా పనికొస్తుంది. డెన్మార్క్‌లో 2013లో పుట్టిన 'మ్యారీడ్ ఎట్ ఫస్ట్ సైట్' ఫార్మాట్ ఎన్నో దేశాలకు వెళ్ళింది. ముక్కూముఖం తెలియని ఇద్దరికి నిపుణులు జత కుదిర్చి, పెళ్ళిపీటల మీదే మొదటిసారి కలుపుతారు. అమెరికాలో ఆ పెళ్ళి చట్టబద్ధం. విడిపోవాలంటే కోర్టుకెళ్ళి విడాకులు తీసుకోవాల్సిందే. ఆస్ట్రేలియాలోనూ, 2021 నుంచి బ్రిటన్‌లోనూ జరిగేది లాంఛనం మాత్రమే, చట్టం దృష్టిలో వాళ్ళు భార్యాభర్తలు కారు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి మీ చెల్లెలు అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో ఇదొకటి: అక్కడ జరిగేది చట్టపరంగా చెల్లే పెళ్ళా, కాదా?

నా దృష్టిలో అసలు వివాదం ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఈ షోలో కూర్చున్న మనిషి ఎవరు? నటి కాదు, నటుల సంఘం రక్షణ ఉండదు. ఉద్యోగి కాదు, పని గంటల పరిమితి, కనీస వేతనం, ఓవర్‌టైమ్ ఏవీ ఉండవు. డాక్యుమెంటరీలో కనిపించే వ్యక్తీ కాదు, ఎందుకంటే ఆమె జీవితాన్ని ఉన్నదున్నట్టు చిత్రించడం లేదు. ఈ మూడింటిలో దేనికీ చెందని ఖాళీలో ఆమెను ఉంచడం మీదే మొత్తం వ్యాపారం ఆధారపడి ఉంది. మందు, నిద్రలేమి, తప్పుడు ఎడిటింగ్, ట్రోలింగ్... మీరు పత్రికల్లో చదివే గొడవలన్నీ వేర్వేరుగా కనిపిస్తాయి కానీ, వాటిలో చాలావాటి మూలం ఈ ఖాళీయే. సినిమా షూటింగ్‌లో లైట్‌మ్యాన్‌ను ఇరవై గంటలు నిలబెడితే అడిగే యూనియన్ ఉంటుంది. అదే గదిలో మైకు తగిలించుకుని ఏడుస్తున్న అమ్మాయి తరఫున అడిగేవాళ్ళు లేరు.

కోర్టులు దీన్ని ఆలస్యంగానైనా పట్టుకున్నాయి. 'టెంప్టేషన్ ఐలాండ్' ఫ్రెంచ్ రూపంలో పాల్గొన్నవాళ్ళు తాము ఉద్యోగులమని కేసు వేశారు. జంటలను విడదీసి, ఒంటరి యువతీయువకుల మధ్య వదిలి, ఎవరు జారిపోతారో చూసే షో అది. నిర్మాణ సంస్థ వాదన వినడానికి సరదాగా ఉంటుంది: వాళ్ళు సెలవుల్లో ఉల్లాసంగా గడుపుతున్నారు, మేం చిత్రీకరించామంతే, అందులో పనెక్కడుంది అని. ఫ్రాన్స్ అత్యున్నత అప్పీళ్ళ కోర్టు 2009 జూన్ 3న దాన్ని తోసిపుచ్చింది. నియమాలు మీరు పెట్టారు, సమయాలు మీరు నిర్ణయించారు, కార్యక్రమాలు మీరు చెప్పినవే, తయారైంది అమ్ముకునే టీవీ సీరీస్, కాబట్టి ఇది ఉద్యోగమే అన్నది దాని సారాంశం. నాకు తెలిసి ఈ రంగంలో ఇంతకంటే సూటిగా సమస్యను చెప్పిన తీర్పు లేదు. "కానీ వాళ్ళు ఇష్టపడే వెళ్ళారుగా" అని ఎవరైనా అంటే నేను ఈ కేసే చెబుతాను. ఫ్యాక్టరీకి కూడా జనం ఇష్టపడే వెళ్తారు.

ఆస్ట్రేలియాలో 2019లో ఇంకో మెట్టు ఎక్కారు. అది డేటింగ్ షో కాదు, ఇళ్ళు బాగుచేసే పోటీ. తనను అందరినీ ఏడిపించే మనిషిగా చూపించారనీ, దానివల్ల మానసికంగా దెబ్బతిన్నాననీ ఒక కంటెస్టెంట్ పరిహారం అడిగింది. న్యూ సౌత్ వేల్స్‌లోని కార్మికుల పరిహార కమిషన్ ఆమెను ఉద్యోగి కిందే లెక్కగట్టింది. ఎడిటింగ్ వల్ల అయిన గాయం కూడా పని చోట అయిన గాయమే అన్నమాట. నా ఎడిటర్ మిత్రులు చాలామంది ఈ వార్త చదివి భుజాలు తడుముకున్నారు.

అమెరికాలో 'లవ్ ఈజ్ బ్లైండ్' మీద నడిచిన కేసు మరీ ముఖ్యమైంది, ఎందుకంటే మీరు చెప్పినదాన్ని బట్టి మీ చెల్లెలు వెళ్ళబోయే షో రూపం దానికే దగ్గరగా ఉన్నట్టుంది. ఒకరినొకరు చూడకుండా చిన్న గదుల్లో కూర్చుని పది రోజులు మాట్లాడుకోవాలి, గోడకు అటూ ఇటూ ఉండగానే పెళ్ళికి ఒప్పుకోవాలి, నాలుగు వారాల్లో పెళ్ళి మండపంలో నిలబడి అవునో కాదో చెప్పాలి. 2022లో ఒక మాజీ కంటెస్టెంట్ కోర్టుకెళ్ళాడు. వారానికి 1,000 డాలర్లు ఇచ్చి రోజుకు ఇరవై గంటల దాకా పనిచేయించారనీ, గంటకు లెక్కేస్తే ఏడు డాలర్ల చిల్లర పడిందనీ, తిండీ నీళ్ళూ తక్కువిచ్చి మందు మాత్రం ఎంతంటే అంత ఇచ్చారనీ, మధ్యలో వెళ్ళిపోతే 50,000 డాలర్లు కట్టాలన్న షరతు పెట్టారనీ ఆరోపించాడు. నిర్మాతలు ఇవేవీ ఒప్పుకోలేదు. కేసు 2024లో 14 లక్షల డాలర్లకు రాజీతో ముగిసింది. అదే ఏడాది డిసెంబరులో అమెరికా జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ప్రాంతీయ కార్యాలయం, ఆ షో కంటెస్టెంట్లు ఉద్యోగులేననీ, వాళ్ళను కాదన్నట్టు చూపి హక్కులు హరించారనీ నిర్మాతల మీద ఫిర్యాదు దాఖలు చేసింది. అదే షోలో ఇంకో కంటెస్టెంట్ తన అనుభవం బయట మాట్లాడినందుకు, గోప్యత షరతు తప్పిందంటూ సంస్థ ఆమె నుంచి 40 లక్షల డాలర్లు రాబట్టడానికి మధ్యవర్తిత్వానికి వెళ్ళింది. అంకె చూడండి. ఒక సీజన్‌కు ఆమె చేతికి వచ్చిన సొమ్ముతో దాన్ని పోల్చి చూడండి.

షో ముగిశాక జరిగేది ఇంతకన్నా బరువైనది. జపాన్‌లో 'టెరేస్ హౌస్' అనే షో ఉండేది. అరుపులు, కేకలు ఉండవు, ఆరుగురు యువతీయువకులు ఒక ఇంట్లో కలిసి ఉంటారు, ప్రేమలు పుడతాయి. పెద్దమనిషి తరహా షో అని అందరూ మెచ్చుకునేవాళ్ళు. అందులో హనా కిమురా అనే 22 ఏళ్ళ రెజ్లర్, తన కుస్తీ దుస్తులు ఉతుకులో పాడయ్యాయని తోటి కుర్రాడి మీద కోప్పడి అతని టోపీ ఎగరగొట్టింది. ఆ ఎపిసోడ్ తర్వాత ఆమె మీద ద్వేషం కుప్పలు తెప్పలుగా వచ్చి పడింది. ఆ అమ్మాయి అప్పటికే బాగా కుంగిపోయి ఉన్నా, ఎపిసోడ్ ఆన్‌లైన్ వేదికలో వచ్చాక మళ్ళీ టీవీలోనూ వేశారు. 2020 మే 23న ఆమె ప్రాణం తీసుకుంది. షో రద్దయింది. ప్రసార నీతి చూసే సంస్థ 2021లో ఫ్యూజీ టీవీని తప్పుబట్టింది, ఆమె మానసిక స్థితి మీద పెట్టాల్సిన శ్రద్ధ పెట్టలేదని. ఆమెను తిట్టిన వాళ్ళలో పట్టుబడిన ఒకరికి పడిన జరిమానా 9,000 యెన్‌లు, ఎందుకంటే పాత చట్టంలో అంతకంటే పెద్దగా వేయడానికి వీల్లేదు. ఆమె తల్లి పోరాడింది. 2022లో జపాన్ చట్టం మార్చి, బహిరంగంగా అవమానించడానికి ఏడాది దాకా జైలు, 3 లక్షల యెన్‌ల దాకా జరిమానా పెట్టింది. కొందరు న్యాయవాదులు ఇది భావప్రకటనా స్వేచ్ఛకు ముప్పు అన్నారు, ఆ వాదనలో పస లేకపోలేదు. నన్ను బాధించేది వేరే. శిక్ష పెరిగింది తిట్టినవాళ్ళకు. తిట్టించుకునేలా ఆమెను తెర మీద పెట్టినవాళ్ళ పద్ధతులు చట్టంలో ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి.

బ్రిటన్ ఈ విషయంలో ఒకడుగు ముందుంది. 'లవ్ ఐలాండ్' మాజీ కంటెస్టెంట్లు ఇద్దరు, ఒకరు 2018లో, ఒకరు 2019లో ఆత్మహత్య చేసుకున్నాక పార్లమెంటు కమిటీ రియాలిటీ టీవీ మీద విచారణ చేపట్టింది. ఆ షో వేసే ఛానల్ ఐటీవీ తన కంటెస్టెంట్లకు షో తర్వాత కనీసం ఎనిమిది కౌన్సెలింగ్ సెషన్లు ఇస్తామని ప్రకటించింది. 2021 ఏప్రిల్ నుంచి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నియమావళిలోనే, పాల్గొనేవాళ్ళకు తీవ్రమైన హాని కలిగే ముప్పు ఉంటే ప్రసార సంస్థ తగిన శ్రద్ధ తీసుకోవాలన్న షరతు చేరింది. 2023 నుంచి, షో నడుస్తున్నంత కాలం కంటెస్టెంట్ల సోషల్ మీడియా ఖాతాలను వాళ్ళ బంధుమిత్రులు కూడా నడపకూడదని 'లవ్ ఐలాండ్' నియమం పెట్టింది. అయితే అదే 2021 వేసవిలో ఆ షోలోని ఒక్క గొడవ ఎపిసోడ్ మీద ఆఫ్‌కామ్‌కు 25 వేలకు దగ్గరగా ఫిర్యాదులు వెళ్తే, విచారణ అవసరం లేదని తేల్చారు. నియమం ఉండటం వేరు, అది కదలడం వేరు.

రంగు, జాతి, కులం గురించి కూడా మీరడిగారు కాబట్టి రెండు మాటలు. 2012లో ఇద్దరు నల్లజాతి యువకులు 'ది బ్యాచిలర్' కాస్టింగ్‌లో వివక్ష ఉందని దావా వేస్తే, పాత్రల ఎంపిక నిర్మాతల భావప్రకటనా స్వేచ్ఛలో భాగమని న్యాయమూర్తి కొట్టేశారు. మొదటి నల్లజాతి బ్యాచిలర్ తెర మీదికి వచ్చింది 2021లో. 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'ఇండియన్ మ్యాచ్‌మేకింగ్' చూసి "తెల్లగా, సన్నగా, మంచి కులం" అన్న కోరికలను తప్పని కూడా అనకుండా చూపించారని చాలామంది విమర్శించారు. ఆ విమర్శ సరైనదే. కానీ షో వాటిని పుట్టించలేదు, దాచలేదంతే. ఇందులో షో మీద కన్నా మన మీద నాకు కోపం ఎక్కువ.

ఇక మీ చెల్లెలి సంగతి. "పరువు" వాదన పక్కన పెట్టండి. ఆమె పెద్దది, వెళ్ళాలా వద్దా అన్నది ఆమె తేల్చుకోవాలి. మీరు చేయాల్సింది ఒక్కటే, అగ్రిమెంటు ఆమెతో కూర్చుని చదవడం. మీరిద్దరే చదివితే చాలదు. ఒప్పందాలు తెలిసిన లాయరు చేత చదివించాలి. ఏం చూడాలో చెబుతాను.

చిత్రణ గురించిన క్లాజు ఉంటుంది. చాలా అగ్రిమెంట్లలో, మిమ్మల్ని ఇబ్బందికరంగా, అవమానకరంగా, కల్పితంగా కూడా చూపించే హక్కు మాకుంది, దాని మీద మీరు దావా వేయరు అని రాసి ఉంటుంది. ఫ్రాంకెన్‌బైట్‌కు చట్టపరమైన లైసెన్సు ఇదే. దీన్ని పూర్తిగా తీసేయమంటే ఒప్పుకోరు, అడిగినా లాభం లేదు. కానీ కొన్ని విషయాలను, అంటే ఆరోగ్యం, గత సంబంధాలు, ఇంట్లోవాళ్ళ పేర్లు, వీటిని వాడకూడదని రాతపూర్వకంగా అడగొచ్చు, కొన్నిసార్లు ఇస్తారు. నోటిమాట హామీ నమ్మొద్దు. ఆ మాట ఇచ్చిన కాస్టింగ్ మనిషి షూటింగ్ నాటికి అక్కడ ఉండరు.

మధ్యలో బయటికి వస్తే ఏమవుతుందో చూడండి. ఎంత కట్టాలి, అనారోగ్యంతో వచ్చినా కట్టాలా? ఇక్కడ పెద్ద అంకె కనిపిస్తే ఆమెకు వచ్చే పారితోషికంతో పోల్చండి. పారితోషికం కన్నా జరిమానా ఎన్నో రెట్లు ఉందంటే, "ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చు" అని వాళ్ళు చెప్పే మాటకు అర్థం లేదు.

గోప్యత షరతు ఎంతకాలం అన్నది మరొకటి. విజేత ఎవరో ప్రసారం దాకా చెప్పొద్దనడం న్యాయమే. కానీ సెట్‌లో వేధింపు జరిగినా, జీతం ఎగ్గొట్టినా మాట్లాడకూడదని ఉంటే లాయరు చేత మార్పించాలి. వివాదం వస్తే కోర్టుకు కాకుండా మధ్యవర్తి దగ్గరికే వెళ్ళాలని రాసి ఉంటుంది; మధ్యవర్తిని ఎవరు నియమిస్తారో, ఏ ఊళ్ళోనో చూడండి. ఫుటేజ్ మీద హక్కుల దగ్గర "ఈ విశ్వమంతటా, శాశ్వతంగా" అని ఉంటుంది. నవ్వొస్తుంది గానీ నిజంగానే అలా రాస్తారు. అంటే పదేళ్ళ తర్వాత ఆమెకు వేరే పెళ్ళయి పిల్లలున్నా, ఆ ముద్దు సీను ఏ యాప్‌లోనైనా, ఏ ముక్కగానైనా మళ్ళీ రావచ్చు. ఎక్కువమంది బాధపడేది దీని గురించే, సంతకం రోజున ఎవరూ పట్టించుకోనిదీ ఇదే.

షో తర్వాత సాయం గురించి అడగండి. కౌన్సెలింగ్ ఎన్ని సెషన్లు, ఖర్చు ఎవరిది, ఆ నిపుణులు నిర్మాణ సంస్థకు రిపోర్టు ఇస్తారా? ఆఖరి ప్రశ్నకు వాళ్ళు తడబడితే బయట సొంతంగా ఒక సైకాలజిస్టును చూసుకోవడం మంచిది. గత ఏడాదిలో ఆమె ఏదైనా పెద్ద దెబ్బ తిని ఉంటే, డిప్రెషన్‌కు మందులు వాడుతూ ఉంటే, నేనైతే ఈ సీజన్‌కు వెళ్ళొద్దనే చెబుతాను.

వెళ్తే కొన్ని జాగ్రత్తలు. ఇంటి నంబరు, లాయరు నంబరు కాగితం మీద రాసుకుని పెట్టుకోవాలి, ఫోన్ తీసేసుకుంటారు కదా. మైకు తీసేదాకా మైకు ఆన్‌లోనే ఉందనుకోవాలి, బాత్రూం గుమ్మం దగ్గర కూడా. ఇంటర్వ్యూలో ఒక విషయం చెప్పకూడదనుకుంటే వాక్యం మొదలుపెట్టకుండానే ఆగిపోవాలి. సగం చెప్పి సర్దుకుంటే ఆ సగమే మిగులుతుంది. గ్లాసు చేతిలో ఉన్నప్పుడు ప్రొడ్యూసర్‌తో మనసు విప్పొద్దు. ప్రసారం మొదలయ్యే ముందే ఖాతాల పాస్‌వర్డులు మీ చేతికిచ్చి, కామెంట్లు ఆపేయమనండి. ఆమె బదులు మీరు చదవండి, కానీ ఆమెకు చదివి వినిపించొద్దు.

ఒక్క విషయంలో మాత్రం బేరం లేదు. అగ్రిమెంటు ముందుగా ఇంటికి పంపకుండా, ఫ్లైట్ దిగాక హోటల్ గదిలో ఇచ్చి "రేపు పొద్దున్నే షూటింగ్, ఇప్పుడే సంతకం పెట్టండి, లాయరు ఎందుకు, అందరూ పెట్టారు" అనే అలవాటు ఈ రంగంలో ఉంది. కనీసం వారం ముందు కాపీ పంపమని ఈమెయిల్‌లో అడగండి, ఫోన్‌లో కాదు. పంపకపోతే టికెట్ వెనక్కిచ్చేయమనండి.